జైలు సందర్శకులుగా వెళ్తున్నారా? లోపల ఏం చూడాలి, బయటికొచ్చాక ఏం రాయాలి

ప్రతి జైలుకీ సందర్శకుల బోర్డు అని ఒకటి ఉండాలి. జిల్లా జడ్జి, కలెక్టర్, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి లాంటి వాళ్లతో పాటు అందులో ప్రభుత్వ ఉద్యోగం లేని మామూలు మనుషులు కూడా ఉండాలి. వాళ్లని అనధికార సందర్శకులు అంటారు. రిటైరైన టీచర్ కావచ్చు, మహిళా సంఘంలో పనిచేసినావిడ కావచ్చు, ఎవరైనా సరే. నేను ఒక జిల్లా జైలుకి కొన్నేళ్లు అలా వెళ్లాను. ఈ మధ్య ఒక చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, నాకూ ఆర్డరు వచ్చింది, వెళ్లి ఏం చేయాలి?" అని అడిగింది. తనకి ఫోన్లో చెప్పినవీ, చెప్పడం మర్చిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆర్డరు సంగతి

మన జైళ్లకి ఇప్పటికీ పునాది 1894 నాటి జైళ్ల చట్టమే. సందర్శకులను నియమించడానికి నిబంధనలు చేసుకునే అధికారం అందులోని 59వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ జైళ్ల నిబంధనలు 1979లో వచ్చాయి. దానికి తోడు 2016లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా జైలు మాన్యువల్ ఉంది. బోర్డులో ఎవరెవరు ఉండాలి, మనిషికి ఎంత చోటు ఇవ్వాలి, నీళ్లు ఎన్ని, డాక్టర్లు ఎంతమంది అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఆ రెండూ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. మొత్తం చదవక్కర్లేదు కానీ సందర్శకుల అధ్యాయం, వైద్యం, ఆహారం, వసతి ఈ నాలుగూ మాత్రం పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదవండి.

మీ జిల్లాలో అసలు ఎవర్నీ నియమించలేదేమో అని అనుమానముంటే జైళ్ల శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నాలుగే ప్రశ్నలు అడగండి. బోర్డు ఎప్పుడు ఏర్పాటైంది? అనధికార సభ్యులు ఎవరు? గత ఏడాది ఏ ఏ తేదీల్లో జైలుకి వెళ్లారు? వాళ్లు రాసిన దాని మీద ఏం చర్య తీసుకున్నారు? నాలుగో ప్రశ్నకి వచ్చే జవాబు చూస్తే ఆ జిల్లాలో బోర్డు పనిచేస్తోందో లేదో అర్థమైపోతుంది. 2015లో కస్టడీ హింస గురించిన డీకే బసు కేసులో సుప్రీంకోర్టు అనధికార సందర్శకుల నియామకం గురించి రాష్ట్రాలకు చెప్పింది, ఆ మాట మీ అర్జీలో రాయండి. నియామకం ఆలస్యమయ్యేలా ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయర్ కాకపోయినా న్యాయ సహాయంలో పనిచేసే పారా లీగల్ వాలంటీర్‌గా చేరొచ్చు. జైల్లో నడిచే న్యాయ సహాయ కేంద్రానికి వాళ్లని పంపుతారు కాబట్టి అదీ లోపలికి వెళ్లే దారే.

ఒక మాట ముందే చెప్పాలి. మీ బంధువో, మీ కేసులో ఎదుటి పక్షం వాళ్లో ఆ జైల్లో ఉంటే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పేయండి. తర్వాత ఎవరో ఎత్తి చూపితే మీరు రాసిన ప్రతి అక్షరం విలువ పోతుంది.

వెళ్లే రోజు

ఆర్డరు కాపీ, ఐడీ కార్డు, నోటుబుక్కు, రెండు పెన్నులు, చిన్న కొలత టేపు. ఫోన్ గేటు దగ్గర ఇచ్చేయాలి. ఖైదీల కోసం బిస్కెట్ ప్యాకెట్ కూడా తీసుకెళ్లకండి, వాళ్ల దగ్గర నుంచి చీటీలు, కబుర్లు మోయకండి. కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు, ఒక ముసలాయన "మా అమ్మాయికి ఒక్క మాట చెప్పమ్మా" అని చేతులు జోడిస్తే కాదనడం చాలా కష్టం. ఆ పని న్యాయ సహాయ కేంద్రం వాలంటీర్ ద్వారా జరిగేలా చూడండి.

ప్రతిసారీ ఒకే వారం, ఒకే టైముకి వెళ్లొద్దు. పొద్దున ఒకసారి వెళ్తే ఇంకోసారి సాయంత్రం ఖైదీలని లోపల పెట్టి తాళం వేసే లాకప్‌కి గంట ముందు వెళ్లండి. గేటు దాటగానే సూపరింటెండెంట్ గారి గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తారు. మర్యాదే అది, కాదనక్కర్లేదు, కానీ "తిరిగి వచ్చాక తాగుతాను సార్" అనండి. ఆ అరగంటలో ఖైదీలుండే పెద్ద గదులు, అంటే బ్యారక్‌లు ఊడ్చేస్తారు, దుప్పట్లు మడత పెట్టించేస్తారు. ముందు అడగాల్సింది ఆ రోజు లెక్క. మొత్తం ఎంతమంది, కెపాసిటీ ఎంత, అందులో రిమాండ్ వాళ్లెంతమంది, ఆడవాళ్లెంతమంది, ఆసుపత్రిలో ఎందరున్నారు, కోర్టుకి ఎందరెళ్లారు. ఇవి రాసుకుని నేరుగా చివరి బ్యారక్ నుంచి మొదలుపెట్టండి. ఆఫీసు రికార్డులు ఆఖర్న.

బ్యారక్‌లో

టేపు ఎందుకో ఇప్పుడు చెబుతాను. నమూనా మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో మనిషికి 3.71 చదరపు మీటర్ల నేల ఉండాలి, అంటే దాదాపు 40 చదరపు అడుగులు. పొడవు 18 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు ఉన్న బ్యారక్ అనుకోండి, 108 చదరపు మీటర్లు, అందులో 29 మంది ఉండాలి. నేను కొలిచిన రోజు అలాంటి బ్యారక్‌లో 62 మంది ఉన్నారు. మనిషికి వచ్చింది ఒక మంచం పట్టే చోటు కంటే కాస్త ఎక్కువ. ఆ చోట్లోనే జంపఖానా పరుచుకోవాలి, సంచీ పెట్టుకోవాలి, రాత్రి లేస్తే పక్కవాడి కాలు తొక్కకుండా నడవాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశం మొత్తం మీద జైళ్లు 131.4 శాతం నిండి ఉన్నాయి, ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. కానీ దేశం సగటు మీకు అక్కర్లేదు, జైలు మొత్తం సగటు కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. మొత్తం లెక్కలో జైలు నిండనట్టే కనిపిస్తుంది, తీరా చూస్తే ఒక బ్యారక్ రిపేరని తాళం వేసి ఆ జనాన్నంతా రెండు బ్యారక్‌ల్లో సర్దేసి ఉంటారు. అందుకే బ్యారక్ వారీగా రాసుకోండి.

తర్వాత మరుగుదొడ్లు. రాత్రి తాళం వేశాక లోపలున్న వాటిని లెక్కపెట్టండి, పగటివి వేరే. మాన్యువల్ ప్రకారం రాత్రికి పది మందికి ఒకటి, పగలు ఆరుగురికి ఒకటి ఉండాలి. నేను చెప్పిన 62 మందికి లోపల మూడు ఉన్నాయి. ఒకదానికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడదీసుకున్నారు. ఇంకోటి నిండిపోయి పైకి పొంగుతోంది. దాని పక్కనే ఒక కుర్రాడి జంపఖానా చుట్టి పెట్టి ఉంది. "ఇక్కడ పడుకుంటావా?" అంటే, "కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే మేడం" అన్నాడు. ఎవరెక్కడ పడుకుంటారో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నది ఆ ఒక్క మాటలో దొరికింది నాకు. బ్యారక్‌లో పెత్తనం ఎవరిది, కిటికీ దగ్గర చోటు ఎవరికి, దానికి డబ్బులు చేతులు మారుతున్నాయా అన్నది భద్రతకు సంబంధించిన మొదటి ప్రశ్న.

కుళాయి మీరే తిప్పి చూడండి. ట్యాంకు నిండుగా ఉందని చెప్పడం వేరు, సాయంత్రం ఆరింటికి కుళాయిలో ధార రావడం వేరు. తాగే నీళ్లు ఎక్కడివో అడిగి, ఆ గ్లాసుతోనే మీరూ తాగండి.

వంటశాల

అన్నం, పప్పు గుండిగలు చూసి తలూపి వచ్చేయకండి. ఆ రోజు స్టోర్ నుంచి ఎంత కందిపప్పు తీశారో పుస్తకంలో చూడండి, దాన్ని ఆ రోజు మనుషుల లెక్కతో భాగించండి, తలకి ఇన్ని గ్రాములని గోడ మీద పట్టిక రాసి ఉంటుంది కదా, దాంతో పోల్చండి. తర్వాత ఒక ప్లేటు మీరూ తినండి. రుచి కోసం కాదు, గరిటె పైపైన తేలే నీళ్లలో ముంచుతున్నారా అడుగు నుంచి తీస్తున్నారా అన్నది అప్పుడే తెలుస్తుంది.

వడ్డించే టైము కూడా ముఖ్యం. చాలా జైళ్లలో రాత్రి అన్నం సాయంత్రం లాకప్‌కి ముందే ఇచ్చేస్తారు. షుగర్ ఉన్నవాడు ఐదున్నరకి తినేస్తే మళ్లీ పొద్దున టిఫిన్ దాకా ఏమీ ఉండదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఎంతమందో కనుక్కుని రాత్రికి వాళ్ల దగ్గర తినడానికి ఏముంటుందో విడిగా అడగండి.

వైద్యం: ఎక్కువ టైము ఇక్కడే పెట్టండి

జైల్లోకి వచ్చిన ప్రతి మనిషినీ పరీక్ష చేసి, ఒంటి మీద గాయాలుంటే రాయాలని 1894 చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. గత వారంలో వచ్చిన పది మంది పేర్లు అడ్మిషన్ రిజిస్టర్ నుంచి తీసుకుని వాళ్ల ఆరోగ్య పత్రాలు అడగండి. పదింటిలోనూ ఒకే చేతిరాతతో "ఆరోగ్యంగా ఉన్నాడు" అని ఒకే వాక్యం ఉంటే పరీక్ష జరగలేదనే అనుమానించాలి. పోలీసు కస్టడీలో దెబ్బలు తిన్నవాడికి ఆ పత్రం ఒక్కటే సాక్ష్యం.

డాక్టర్ ఎన్నింటికి వస్తారు, ఎన్నింటికి వెళ్తారు? మాన్యువల్ 300 మందికి ఒక వైద్యాధికారి ఉండాలంటోంది. పోస్టు ఉందా, పోస్టులో మనిషి ఉన్నాడా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మందుల గదిలో ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ తెరిచి చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉందో లేదో తెలిసిపోతుంది. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లని టీబీ పరీక్షకి పంపారో లేదో చూడండి. బ్యారక్‌లో నలుగురైదుగురిని చేతులు చాపమనండి, వేళ్ల సందుల్లో గజ్జి ఉంటే అక్కడే కనిపిస్తుంది. ఒకరికి మందు రాసి దుప్పట్లు ఉతికించకపోతే నెల తిరిగేసరికి బ్యారక్ అంతా గోక్కుంటూ ఉంటుంది.

అన్నిటికన్నా విలువైనది, బయటి ఆసుపత్రికి పంపించే రిజిస్టర్. ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. కాలు మోకాలి దాకా వాచిపోయి చర్మం నిగనిగలాడుతోంది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "డాక్టర్ రాశాడమ్మా, పెద్దాసుపత్రికి వెళ్లమని" అన్నాడు. రిజిస్టర్ తెప్పిస్తే నిజమే, మూడుసార్లు రాశారు. మూడుసార్లూ పక్క గడిలో పెన్సిల్‌తో "ఎస్కార్ట్ రాలేదు" అని ఉంది, అంటే వెంట తీసుకెళ్లాల్సిన పోలీసులు రాలేదని. డాక్టర్ తప్పు లేదు, జైలర్ ఉత్తరం రాశానని కాపీ చూపించారు, ఏఆర్ (సాయుధ రిజర్వ్) పోలీసులు ఆ రోజుల్లో వేరే బందోబస్తులో ఉన్నారట. ఎవరి కాగితం వాళ్ల దగ్గర సరిగ్గానే ఉంది, కాలు మాత్రం వాస్తూనే ఉంది. నేను ఆ మూడు తేదీలూ రాసుకున్నాను. బోర్డు మీటింగులో జడ్జి గారి ముందు, ఎస్పీ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఎదురుగా ఆ తేదీలు చదివితే రెండో రోజున వ్యాన్ వచ్చింది. బోర్డులో ఎస్పీని ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు అర్థమైంది. కాబట్టి ఆ రిజిస్టర్‌లో రెండు తేదీలు చూడండి, డాక్టర్ పంపమన్న తేదీ, నిజంగా పంపిన తేదీ. మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టండి.

రాత్రి సంగతి కూడా అడగాలి. తాళం పడ్డాక ఛాతీ నొప్పి వస్తే ఎవర్ని పిలుస్తారు, తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది, అంబులెన్స్‌కి ఎవరు ఫోన్ చేస్తారు? "వెంటనే తీస్తాం మేడం" అనే జవాబుతో ఆగకండి. ఈ మధ్య అలా ఎప్పుడు జరిగిందో అడిగి, రాత్రి డ్యూటీ పుస్తకంలో రాసిన టైమూ, ఆసుపత్రిలో చేర్చిన టైమూ పక్కపక్కన పెట్టి చూడండి.

మాట్లాడకుండా మూలన కూర్చునేవాళ్లనీ, నిద్రపోనివాళ్లనీ తోటి ఖైదీలే చూపిస్తారు. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల గురించి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ ప్రకారం జైలు డాక్టర్ మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి రిపోర్టు పంపాలి. కిందటిసారి పంపిన కాపీ చూపించమనండి.

మనుషులతో ఎలా మాట్లాడాలి

"ఏమైనా ఇబ్బందా?" అని వార్డర్ పక్కన నిలబడి ఉండగా అడిగితే "ఏం లేదు మేడం" అనే అంటారు. నేను మొదటి ఆరు నెలలు అలాగే అడిగాను. ఆ జవాబే రాసుకొచ్చాను, అందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. వార్డర్‌ని కనిపించేంత దూరంలో, మాట వినపడనంత దూరంలో ఉండమని అడగండి. ఇబ్బంది గురించి కాకుండా నిన్నటి రోజు గురించి అడగండి. నిన్న రాత్రి ఏం పెట్టారు, ఎన్నింటికి? స్నానం ఎప్పుడు చేశారు? ఆఖరి ములాఖత్ ఎప్పుడు, ఇంటి నుంచి ఎవరొచ్చారు? లాయర్ పేరేంటి? లాయర్ పేరు చెప్పలేని మనిషి దొరికితే అక్కడ ఆగండి, అతని పేరు న్యాయ సేవాధికార సంస్థకి ఆ రోజే ఇవ్వాలి.

ఒక్కడినే పక్కకి పిలిచి పది నిమిషాలు మాట్లాడొద్దు. మీరు వెళ్లాక "ఏం చెప్పావురా" అని అడిగేది అతన్నే. ఆరేడుగురితో తలో ఐదు నిమిషాలు మాట్లాడండి, అందులో అతనూ ఒకడవుతాడు. దెబ్బల గురించి ఎవరైనా చెబితే అతన్ని అడక్కుండా పుస్తకంలో పేరు రాయకండి, జడ్జి గారికి విడిగా సీల్డ్ కవర్‌లో ఇవ్వండి, తర్వాతిసారి వెళ్లినప్పుడు అందరికన్నా ముందు అతను ఏ బ్యారక్‌లో ఉన్నాడో చూడండి. ఒంటరి సెల్‌కి మార్చి ఉంటే శిక్షల రిజిస్టర్ అడగండి, ఏ కారణం, ఏ తేదీ.

పాకీ పని, ఊడ్చే పని ఎవరు చేస్తున్నారో, వంట ఎవరు చేస్తున్నారో కూడా అడిగి తీరాలి. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం చెల్లదని, రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని తీర్పిచ్చింది. ఇది జరుగుతోందో లేదో న్యాయ సేవాధికార సంస్థలూ సందర్శకుల బోర్డులూ కలిసి తనిఖీ చేయాలని కూడా చెప్పింది. అంటే ఇది ఇప్పుడు మీ డ్యూటీ. రిజిస్టర్ తెరిచి ఆ గడి ఉందో లేదో కళ్లతో చూడండి.

ఆడవాళ్ల బ్యారక్‌కి వెళ్లేటప్పుడు మహిళా సభ్యురాలు ఉండాలి. ప్యాడ్‌లు అడిగితే ఇస్తున్నారా, నెలకి ఇన్నని లెక్కపెట్టి ఇస్తున్నారా, వాడినవి ఎక్కడ పారేస్తున్నారు, గర్భిణులకు చెకప్‌లు జరుగుతున్నాయా? ఆరేళ్ల లోపు పిల్లలు తల్లి దగ్గర ఉండొచ్చు. వాళ్ల తిండి, టీకాలు, ఆటపాటల గురించి 2006లో సుప్రీంకోర్టు వివరంగా ఆదేశాలిచ్చింది, ఆ కేసు పేరే ఆర్డీ ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. పిల్లాడికి పాలు ఎన్నింటికి ఇస్తారని తల్లినే అడగండి.

వార్డర్లతో కూడా మాట్లాడండి, ఈ పని చాలామంది వదిలేస్తారు. రెండు షిఫ్టులు కలిపి చేస్తున్నవాడు, ఒక్కడే రెండు బ్యారక్‌లు చూసుకుంటున్నవాడు దొరుకుతాడు. ఖైదీల భద్రత సగం అక్కడే ఉంది.

ఆఖర్న ఆఫీసులో విచారణ ఖైదీల లిస్టు తీసుకోండి. కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ ప్రకారం అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లు ఆ నేరానికి ఉండే గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం కాలం జైల్లోనే గడిపేస్తే బెయిల్ కోసం కోర్టుకి రాయాల్సింది సూపరింటెండెంటే. ఉరి, జీవిత ఖైదు పడే నేరాలకి ఇది వర్తించదు, ఒకటి కంటే ఎక్కువ కేసులున్నా వర్తించదు. బెయిల్ వచ్చి కూడా పూచీ ఇచ్చే జామీనుదారు దొరక్క ఉండిపోయినవాళ్ల పేర్లు వేరే రాసుకోండి.

పుస్తకంలో రాయడం

సందర్శకులు తాము గమనించింది రాయడానికి ప్రతి జైల్లో ఒక పుస్తకం ఉండాలని చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. అది తెప్పించి అక్కడే కూర్చుని రాయండి, ఇంటికెళ్లి రాస్తాననకండి. నేను మొదట్లో "పారిశుధ్యం మెరుగుపడాలి" అని రాశాను, కింద "గమనించడమైనది" అని జవాబు వచ్చింది, అంతే. తర్వాత ఇలా రాయడం మొదలుపెట్టాను: "4వ బ్యారక్, 62 మంది, రాత్రి మరుగుదొడ్లు 3, ఒకదానికి తలుపు లేదు, ఒకటి నిండిపోయింది, పనిచేసేది 1. తలుపు, పైపు పని 15 రోజుల్లో పూర్తిచేయాలి. వచ్చే నెల చూస్తాను." పైపు పని జరిగింది. తలుపు కోసం మూడుసార్లు రాయాల్సి వచ్చింది.

చూసింది, విన్నది కలపకండి. "నేను చూశాను", "ముగ్గురు ఖైదీలు చెప్పారు", "రిజిస్టర్‌లో ఉంది" అని విడివిడిగా రాయండి. బాగున్నది కూడా రాయండి, లైబ్రరీ బాగుంటే బాగుందని రాయాలి, అప్పుడే మీ ఫిర్యాదుకి బలం. రాసిన పేజీ కాపీ అడగండి, ఇవ్వకపోతే నోటుబుక్‌లో ఉన్నదున్నట్టు ఎక్కించుకుని తేదీ వేయండి. ఒక కాపీ జిల్లా జడ్జి గారికి, ఒకటి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి, వైద్యం గురించైతే జిల్లా వైద్యాధికారికి కూడా. పేపర్లకి, వాట్సాప్ గ్రూపులకి పంపకండి, ముఖ్యంగా ఖైదీల రోగాల వివరాలు ఎక్కడా బయట పెట్టొద్దు.

జైల్లో ఎవరైనా చనిపోతే 24 గంటల్లోపు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలియజేయాలన్నది ఎప్పట్నుంచో ఉన్న ఆదేశం. ఆ కబురు మీ చెవిన పడిన రోజే వెళ్లండి. సమాచారం పంపిన టైము, ఆ మనిషి ఆఖరి నెల రోజుల వైద్య పత్రాలు, రాత్రి డ్యూటీ పుస్తకం చూసి రాసుకోండి. పక్కన పడుకున్నవాళ్లతో మాట్లాడండి, వాళ్లని వేరే జైలుకి మార్చకముందే.

తర్వాతిసారి వెళ్లేటప్పుడు కొత్త పేజీ తెరిచే ముందు పాత పేజీ తీయండి. రాసిన ఒక్కో విషయం ఎదురుగా జరిగింది, జరగలేదు, సగం జరిగింది అని పెట్టుకుంటూ ఆ చోటికే నడిచి వెళ్లండి. మూడు నెలల బోర్డు మీటింగుకి ఆ లిస్టు పట్టుకెళ్లండి. మీ కాలం అయిపోయే నాటికి నోటుబుక్‌లో ఇంకా "జరగలేదు" అని మిగిలినవి ఒక కాగితం మీద రాసి, మీ తర్వాత వచ్చేవాళ్ల చేతికి ఇచ్చి, మొదటిసారి వాళ్లతో కలిసి వెళ్లండి. నేను ఇచ్చిన కాగితంలో మొదటి లైను ఇంకా 4వ బ్యారక్ తలుపే. పెట్టారు, గడియ బిగించలేదు.